నీలి మంటలో పోయేదెంత, హైడ్రోజన్ కలిపితే మిగిలేదెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో హైడ్రోజన్ మీద అడిగినవే నాలుగు తీసుకున్నాను. ఒకదాని జవాబు ఇంకోదానికి అవసరం పడుతుంది కాబట్టి వరసగా చదివితే మంచిది.

ప్రశ్న: మాది కాకినాడ. ఇంటికి పైపు గ్యాస్ ఉంది. బీటెక్ చదివే మా అబ్బాయి మొన్న అన్నం తింటూ, గ్యాస్‌లో హైడ్రోజన్ కలిపితే మంటలో జరిగే థర్మోడైనమిక్ నష్టం తగ్గుతుందట, గుజరాత్‌లో ఇప్పటికే కలిపారట, మన దాకా వస్తే బిల్లు తగ్గుతుంది అన్నాడు. నష్టమంటే గిన్నె పక్కల నుంచి పోయే వేడే కదండీ, మంటలోనే నష్టమేమిటి? బిల్లు నిజంగా తగ్గుతుందా? (ఒక గృహిణి)

జవాబు: ముందు బిల్లు సంగతి చెప్పేస్తానమ్మా, మీకు కావలసింది అదే కదా. తగ్గదు. యూనిట్ ధర మార్చకుండా హైడ్రోజన్ కలిపితే పెరుగుతుంది కూడా. మీ వంటింటి మీటరు ఎంత వేడి వచ్చిందో కొలవదు, ఎన్ని ఘనపు మీటర్ల గ్యాస్ దాటిందో కొలుస్తుంది. ఒక ఘనపు మీటరు మీథేన్‌ని (పైపులో వచ్చేది ఎక్కువ భాగం అదే) కాలిస్తే సుమారు 36 మెగాజౌళ్ళ వేడి వస్తుంది, అంతే హైడ్రోజన్‌ని కాలిస్తే 11 కూడా రాదు. బరువు లెక్కలో హైడ్రోజన్ మహా గట్టిది, కిలోకి 120 మెగాజౌళ్ళు, మీథేన్ 50 దగ్గరే ఆగిపోతుంది, కానీ అది మరీ తేలిక కాబట్టి కొలతపాత్రతో కొలిస్తే మాత్రం ఉత్తి బూరుగుదూది. మీ అబ్బాయి చెప్పింది నిజమే, గుజరాత్‌లో సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఇళ్ళకు వెళ్ళే గ్యాస్‌లో 2023 జనవరి నుంచి హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టారు, 5 శాతంతో మొదలైంది, తరవాత 8 దాకా వెళ్ళింది. 8 శాతం కలిపిన గ్యాస్‌లో ఘనపు మీటరుకి వేడి దాదాపు ఐదున్నర శాతం తగ్గుతుంది. బ్రిటన్‌లో కీల్ యూనివర్సిటీ ఆవరణలో 20 శాతం దాకా కలిపి చూశారు, అక్కడైతే 14 శాతం తగ్గుతుంది. అంటే అదే పప్పు ఉడకడానికి మీటరు ఎక్కువ తిరగాలి. గ్యాస్‌లో ఉన్న వేడిని బట్టి ధర వేస్తేనే అది సరిపోతుంది. ఎప్పుడైనా మీ ఊళ్ళో కలుపుతామని వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న అదే, పేలుతుందా అని కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మంటలోనే నష్టమేమిటి అన్నది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి.

శ్రీశైలం గేట్లెత్తినప్పుడు జనం కార్లు కట్టుకుని మరీ వెళ్ళి చూస్తారు. పైనుంచి దూకే ఆ నీళ్ళు, ఆ నురగ, ఆ తుంపర. పైన ఎన్ని నీళ్ళు వదిలారో కిందికి అన్నీ వచ్చాయి, చుక్క కూడా పోలేదు. పోయింది ఎత్తు. అదే నీరు టర్బైన్ గుండా దిగితే కరెంటు వచ్చేది, గేటు మీంచి దూకింది కాబట్టి నురగ వచ్చింది. మనం ముచ్చటపడి ఫొటో తీసుకునేది నిజానికి రాకుండా పోయిన కరెంటుని. మంట కూడా సరిగ్గా అలాంటిదే. ఇంధనంలో శక్తి అణువుల బంధాల్లో చాలా క్రమంగా ఒదిగి ఉంటుంది, అంటే బాగా ఎత్తున ఉన్నట్టు. కాల్చగానే అది వేడిగా మారుతుంది, లెక్క సరిపోతుంది, ఒక్క జౌలు కూడా మాయమవదు, కానీ ఆ వేడితో చేయించుకోగల పని మాత్రం తగ్గిపోతుంది. ఇలా పనికొచ్చే సత్తా ఎంత ఉందో చెప్పే కొలతకి ఎక్సర్జీ అని పేరు. అది తరిగిన మేరకు ఎంట్రోపీ, అంటే శక్తి ఎంత చెల్లాచెదురైందో చెప్పే కొలత, పెరుగుతుంది. మీథేన్‌ని మామూలు గాలితో, చుట్టూ వేడి ఏమాత్రం బయటికి పోని పెట్టెలో కాల్చినా సరే, వంద పాళ్ళ సత్తాలో 27, 28 పాళ్ళు మంటలోనే పోతాయి. గిన్నె ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు చూడండి.

హైడ్రోజన్‌కి అదే లెక్క వేస్తే 20 నుంచి 22 వస్తుంది. అంటే మీ అబ్బాయి అన్నది నిజమే, హైడ్రోజన్ మంటలో నష్టం తక్కువ. ఎందుకు తక్కువ అంటే చాలామంది "హైడ్రోజన్ అణువు చిన్నది, సులువుగా కాలుతుంది" అని చెప్పి వదిలేస్తారు. అది సగం జవాబు. మిగతా సగం కొంచెం చిత్రంగా ఉంటుంది. వంద జౌళ్ళ వేడినిచ్చే మీథేన్ తనతో 104 జౌళ్ళ ఎక్సర్జీ తెచ్చుకుంటుంది. వంద జౌళ్ళ వేడినిచ్చే హైడ్రోజన్ 98 జౌళ్ళే తెచ్చుకుంటుంది. (ఆవిరిగా పోయే నీటి వేడిని లెక్కలోకి తీసుకోకుండా చెబుతున్న అంకెలివి.) తెచ్చుకున్నది తక్కువ, కానీ మంట మాత్రం మీథేన్ కంటే వేడిగా మండుతుంది, గాలితో సరిపాళ్ళలో కలిపితే మీథేన్ మంట 1,950 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే హైడ్రోజన్ మంట 2,100 దాటుతుంది. తక్కువ ఎత్తు నుంచి బయల్దేరి ఎక్కువ ఎత్తు మీద దిగింది కాబట్టి మధ్యలో పడిపోయింది తక్కువ. తెలివిగా ఖర్చుపెట్టినందువల్ల కాదు, జేబులో తక్కువ పెట్టుకుని బజారుకెళ్ళినందువల్ల మిగిలిందన్నమాట, సగం అయినా.

సరే, ఆ ఆరేడు పాళ్ళ లాభం స్వచ్ఛమైన హైడ్రోజన్‌ది. మీ గ్యాస్‌లో 20 శాతం కలిపితే, అది పరిమాణంలో 20, మొత్తం వేడిలో హైడ్రోజన్ ఇచ్చేది మాత్రం 7 శాతమే. కార్బన్ డయాక్సైడ్ తగ్గేదీ అంతే, 7. మంటలో నష్టం తగ్గేది నా ముతక లెక్కలో అర పాయింటు కూడా లేదు, 27.5 ఉన్నది 27 అవుతుందనుకోండి. ఆ అర పాయింటు మీ చారు గిన్నెకి తెలియను కూడా తెలియదు.

ఎందుకంటే వంటింట్లో అసలు దోపిడీ వేరే చోట జరుగుతోంది. రెండు వేల డిగ్రీల మంటతో మనం చేసేదేమిటి, నూరు డిగ్రీల నీళ్ళు మరిగించడం. శ్రీశైలం డ్యామ్ మీంచి నీళ్ళు తెచ్చి కుండీలో మొక్కకి పోసినట్టు. మన దేశంలో ఎల్పీజీ స్టవ్‌కి ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన కనీస సామర్థ్యం 68 శాతం, అంటే గ్యాస్ ఇచ్చిన వేడిలో కనీసం 68 పాళ్ళు గిన్నెలోకి చేరాలి. వినడానికి బాగానే ఉంది. కానీ నూరు డిగ్రీల నీళ్ళలో ఉన్న వేడికి పనిచేసే సత్తా అయిదో వంతు లోపే, కాబట్టి మొత్తం ఎక్సర్జీలో గిన్నెలోకి చేరింది చివరికి 13 పాళ్ళు. మంటలో 28 పోయాయి, మిగతాదంతా మంటకీ గిన్నెకీ మధ్య, గిన్నెకీ గోడకీ మధ్య పోయింది. మూత పెట్టండి, గిన్నె అంచు దాటి మంట రాకుండా నాబ్ తగ్గించండి, బర్నర్ కన్నాలు పొంగిన పాలతో పూడుకుపోతే పిన్నీసుతో పొడవండి, హైడ్రోజన్ ఇచ్చే అర పాయింటుకి ఎన్నో రెట్లు ఈ మూడింటిలో ఉంది.

ఇంకో మాట మీ అబ్బాయికి చెప్పండి. ఆ హైడ్రోజన్ ఊరికే రాలేదు. నీటిని కరెంటుతో విడగొడితే కిలో హైడ్రోజన్‌కి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది, కాలిస్తే తిరిగొచ్చేది 33 యూనిట్ల వేడి. మూడో వంతు ఎలక్ట్రోలైజర్ దగ్గరే సమర్పయామి. అక్కడ మూడో వంతు పోగొట్టి ఇక్కడ మంటలో అర పాయింటు మిగిల్చామని పండగ చేసుకోవడం నాకైతే నచ్చదు. అదే కరెంటుని ఇండక్షన్ స్టవ్‌కి ఇస్తే అసలు మంటే లేదు. నేను హైడ్రోజన్‌కి వ్యతిరేకిని కాదు, ఎరువులకీ ఉక్కుకీ అది కావాలి, అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగితే సంతోషించినవాణ్ణే. కానీ దాన్ని తెచ్చి సాంబారు కింద మండించడం నా దృష్టిలో పట్టుచీరతో ఇల్లు తుడవడం.

ప్రశ్న: మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను, హైదరాబాద్. మంటలో ఎంట్రోపీ ఎక్కడ పుడుతుంది సార్? హైడ్రోజన్ కలిపితే మంట పల్చబడుతుంది, లోపల ఉష్ణోగ్రత వాలు నిటారుగా అవుతుంది (కాస్త దూరంలోనే వేడి బాగా మారుతుంది), కాబట్టి ఉష్ణవాహనం వల్ల వచ్చే నష్టం పెరగాలి కదా. మరి మొత్తం నష్టం తగ్గుతుందని ఎలా అంటారు?

జవాబు: మంచి ప్రశ్న. ఈ ముడి దగ్గర నేను కూడా చాలాకాలం తికమకపడ్డాను, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

రాత్రి లైటార్పి మీ మెస్‌లో స్టవ్ దగ్గరగా చూడు. ప్రతి కన్నం మీద ఒక చిన్న నీలి శంకువు ఉంటుంది, దాని అంచు మరీ స్పష్టంగా, గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీతే మంట. మందం అర మిల్లీమీటరు అనుకో. దాని ఇవతల గ్యాసూ గాలీ కలిసిన చల్లటి మిశ్రమం, అవతల రెండు వేల డిగ్రీల పొగ. మిశ్రమం ఆ గీతని దాటడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో నాలుగు పనులు జరుగుతాయి. వేడి వైపు నుంచి చల్లని వైపుకి ఉష్ణం పాకుతుంది, ఉష్ణవాహనం అంటే ఇదే. వేర్వేరు వాయువుల అణువులు విసరణ చెందుతాయి, అంటే ఒకదాని మధ్యకి ఒకటి పాకి కలిసిపోతాయి. రసాయన చర్య జరుగుతుంది. వాయువు పొరల మధ్య రాపిడి ఉంటుంది. నాలుగూ ఎంట్రోపీని పుట్టిస్తాయి. రాపిడిని వదిలెయ్, లెక్కలోకి రాదు. మీ స్టవ్‌లాగా ముందే గాలి కలిసిన మంటలో పెద్ద వాటా రసాయన చర్యది, తరవాత ఉష్ణవాహనానిది. కొవ్వొత్తిలాగా గాలి విడిగా, ఇంధనం విడిగా వచ్చి మంట దగ్గరే కలుసుకునే చోట ఉష్ణవాహనం వాటా చాలా పెద్దది.

ఇప్పుడు నీ సందేహం. హైడ్రోజన్ కలిపితే మంట వేగం పెరుగుతుంది, మీథేన్ మంట గాలి మిశ్రమంలో సెకనుకి 40 సెంటీమీటర్ల లోపు పాకితే స్వచ్ఛమైన హైడ్రోజన్ మంట రెండు మీటర్లు దాటుతుంది. మంట పల్చబడుతుంది, వాలు నిటారు అవుతుంది, ఘనపు మిల్లీమీటరుకి పుట్టే ఎంట్రోపీ రేటు పెరుగుతుంది. అంతవరకూ నువ్వన్నది నూటికి నూరు పాళ్ళు సరి. కానీ ఆ ఘనపు మిల్లీమీటర్లు తగ్గాయి కదా, పైగా ప్రతి గ్రాము మిశ్రమం అందులో ఉండే సమయం కూడా తగ్గింది. వేడి బయటికి పోని మంటలో గ్రాము మిశ్రమానికి మొత్తం ఎంట్రోపీ ఎంత పెరిగిందన్నది లోపలికి ఏం వచ్చింది, బయటికి ఏం పోయింది అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. మధ్యలో మంట అర మిల్లీమీటరా, పావు మిల్లీమీటరా అన్నది ఆ మొత్తాన్ని మార్చలేదు. కిరాణా కొట్టు చిట్టాలో పప్పు కింద రాసినా ఉప్పు కింద రాసినా నెలాఖరు మొత్తం అదే ఉన్నట్టు. హైడ్రోజన్ ఈ పద్దుల మధ్య వాటాలు అటూ ఇటూ చేస్తుంది, మొత్తం తగ్గేది మాత్రం పై జవాబులో చెప్పిన కారణం వల్ల, అంటే ఇంధనం తెచ్చిన సత్తా, చేరిన ఉష్ణోగ్రత, వీటివల్ల.

ప్రాజెక్టు రిపోర్టుల్లో "స్థానిక ఎంట్రోపీ రేటు గరిష్ఠం పెరిగింది, కాబట్టి నష్టం పెరిగింది" అని రాసేవాళ్ళుంటారు. ఆ గ్రాఫులో ఎత్తు చూసి మోసపోకు, కింద ఉన్న వైశాల్యం చూడు, దాన్ని మళ్ళీ ఎంత ఇంధనం కాలిందో దానితో భాగించు.

ఇంకొక మెలిక ఉంది, ఇది పరీక్షలో రాకపోయినా తెలుసుకో. హైడ్రోజన్ ఇంజిన్లకి ఎందుకు నచ్చుతుందంటే చాలా పల్చని మిశ్రమంలో, అంటే ఇంధనం తక్కువా గాలి ఎక్కువా ఉన్నచోట కూడా ఆరిపోకుండా కాలుతుంది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది, మీథేన్‌కి 5 నుంచి 15 మధ్యే. కాబట్టి సీఎన్‌జీలో కొంచెం హైడ్రోజన్ కలిపితే ఇంజిన్‌ని ఎక్కువ గాలితో నడపొచ్చు. తీరా చూస్తే పల్చని మిశ్రమంలో మంట ఉష్ణోగ్రత తగ్గుతుంది, ఉష్ణోగ్రత తగ్గితే మంటలో ఎక్సర్జీ నష్టం పెరుగుతుంది! మీథేన్‌ని ఒకటిన్నర రెట్లకు పైగా గాలితో కాలిస్తే ఆ 27, 28 కాస్తా ముప్ఫై దాటిపోతుంది. అయినా ఇంజిన్ సామర్థ్యం పెరుగుతుంది, ఎలాగంటే సిలిండర్ గోడలకి పోయే వేడి తగ్గుతుంది, థ్రాటిల్ దగ్గర గాలి పీల్చుకోవడానికి పడే శ్రమ తగ్గుతుంది, వ్యాకోచంలో పని ఎక్కువ వస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ తగ్గుతాయి. మంట ఒక్కదాన్నే చూసి తీర్పిస్తే ఇంజిన్‌కి అన్యాయం చేసినట్టే. 2020లో ఢిల్లీ రాజ్‌ఘాట్ డిపోలో 18 శాతం హైడ్రోజన్ ఉన్న సీఎన్‌జీతో 50 బస్సులు నడిపి చూసింది కూడా ప్రధానంగా పొగ తగ్గించడానికే, మంటలో ఎంట్రోపీ తగ్గించడానికి కాదు.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. ఇంతా చేసి మంటలో నష్టాన్ని నిజంగా తగ్గించాలంటే దారే లేదా?

జవాబు: ఉంది, మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. గాలిని ముందే వేడి చేయడం. చల్లటి గాలిని రెండు వేల డిగ్రీలకి లాగడంలోనే నష్టంలో సింహభాగం జరుగుతుంది, అదే గాలి నాలుగైదు వందల డిగ్రీలతో లోపలికొస్తే మంట ఇంకా పైకి వెళ్తుంది, ఎక్కాల్సిన మెట్లు తగ్గుతాయి. ఉక్కు పరిశ్రమలో ఉక్కు దిమ్మెల్ని మళ్ళీ కాచే రీహీటింగ్ ఫర్నేసులకి చిమ్నీ వైపు పోయే పొగతోనే లోపలికొచ్చే గాలిని కాచే రికూపరేటర్లు పెట్టేది అందుకే. గాలిలో ఆక్సిజన్ పాలు పెంచడం ఇంకో దారి, పనికిరాని నైట్రోజన్‌ని వేడి చేసే బాధ తప్పుతుంది, కానీ ఆక్సిజన్ విడదీయడానికి కరెంటు ఖర్చుంది. పోతే, హైడ్రోజన్ మంట మీ ఊరికి కొత్తేమీ కాదు. బొగ్గుని కాచి కోక్ చేసేటప్పుడు వచ్చే కోక్ ఓవెన్ గ్యాస్ అంటేనే సగానికి పైగా హైడ్రోజన్. ఉక్కు ఫ్యాక్టరీల్లో దాన్ని ఏనాటి నుంచో కాలుస్తున్నారు, ఎవరూ దానికి పత్రికా ప్రకటన ఇవ్వలేదు, అంతే.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో స్టవ్ ఆపినప్పుడు అప్పుడప్పుడు టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది చూడండి, అది మంట కన్నంలోంచి వెనక్కి బర్నర్ లోపలికి దిగిన చప్పుడు. మీథేన్ మంట రెండు మిల్లీమీటర్ల సందులో ఆరిపోతుంది, హైడ్రోజన్ మంట అరమిల్లీమీటరు కాస్త దాటిన సందులో కూడా దూరిపోతుంది, పైగా వేగం ఎక్కువ. అందుకే హైడ్రోజన్ ఎక్కువున్న గ్యాస్‌కి బర్నర్లు వేరేగా చేస్తారు. 20 శాతం దాకా మామూలు స్టవ్‌లు తట్టుకున్నాయని బ్రిటన్‌లో చూశారు, అంతే గానీ మీరు మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

ప్రశ్న: వరంగల్‌లో కారు టాక్సీ నడుపుతాను. నీళ్ళ డబ్బా బిగించి, బ్యాటరీ కరెంటుతో హైడ్రోజన్ తీసి ఇంజిన్‌లోకి పంపే కిట్ పెట్టుకుంటే పెట్రోలు 30 శాతం మిగులుతుందని ఒకాయన వెంటపడుతున్నాడు. పది లీటర్లకి మూడు లీటర్లు మిగిలితే మాకు పెద్ద సంగతే. పెట్టించుకోమంటారా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఎందుకో లెక్క చెబుతాను, ఆయన మళ్ళీ వస్తే ఈ లెక్కే ఆయన ముందు పెట్టు.

కిట్ 20 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. పదమూడున్నర వోల్టుల దగ్గర అది 270 వాట్లు. డబ్బాలో నీళ్ళు విడగొట్టేటప్పుడు నలభై శాతం వేడైపోతుంది, అందుకే కదా ఆ డబ్బా కాలిపోతూ ఉంటుంది, మిగిలింది 160 వాట్ల హైడ్రోజన్, నిమిషానికి లీటరు కూడా లేదు. ఆ 270 వాట్లు బ్యాటరీ ఇచ్చినట్టు కనబడుతుంది కానీ బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరు, ఆల్టర్నేటరుని తిప్పేది నీ ఇంజిన్. ఆల్టర్నేటరు సామర్థ్యం 60 శాతం అనుకుంటే ఇంజిన్ 450 వాట్లు ఇవ్వాలి, ఇంజిన్ సామర్థ్యం 25 శాతమైతే అందుకోసం 1,800 వాట్ల పెట్రోలు కాలాలి. పద్దెనిమిది వందలు పోసి నూట అరవై తీసుకున్నాం. ఇక ఆ 160 వాట్లు ఎంత పెద్దవో చూడు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారు గంటకి 60తో పోతుంటే గంటకి నాలుగు లీటర్లు తాగుతుంది, అంటే దాదాపు 35 వేల వాట్లు. అందులో ఈ హైడ్రోజన్ వాటా అర శాతం లోపు. హైడ్రోజన్ వల్ల మంట బాగా కాలుతుంది, నష్టం తగ్గుతుంది అని ఆయన అంటాడు, పై జవాబులు చదివావు కదా, వేడిలో 7 శాతం కలిపితేనే అర పాయింటు రాలేదు, అర శాతం కలిపితే ఏం వస్తుందో నువ్వే చెప్పు.

మరి పెట్టించుకున్నవాళ్ళు మైలేజీ పెరిగిందని ప్రమాణం చేసి చెబుతారే అంటావా. మా బంధువొకాయన పెట్టించుకున్నాడు, నేనే పక్కన కూర్చుని చూశాను. బిగించేటప్పుడు మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, ప్లగ్గులు మార్చాడు, టైర్లలో గాలి కొట్టాడు. ఆ తరవాత వారం రోజులు ఈయన మైలేజీ చూసుకోవాలని యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు నడిపాడు. పెరక్కేం చేస్తుంది. మూడో నెలకి మళ్ళీ మామూలే. అప్పటికి డబ్బా మూత దగ్గర తెల్లటి పొక్కు కట్టింది, వేలితో గీకబోతుంటే ఆపాను. అందులో ఉండేది ఉత్తి నీళ్ళు కాదు, కరెంటు బాగా పారడానికి కాస్టిక్ పొటాష్ కలుపుతారు, చర్మం మీద పడితే కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. ఇప్పటికే పెట్టించుకున్న మీ స్టాండులో వాళ్ళెవరైనా ఉంటే, తీయించేటప్పుడు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోమని, ఇంజిన్ ఆపి, డబ్బా చల్లారాకే మూత తీయమని చెప్పు, అప్పుడు కూడా దగ్గర్లో బీడీ వెలిగించొద్దని చెప్పు.